మాయమ్మ పరుగు

మాయమ్మ పరిగెత్తడం మొదలుపెట్టినప్పుడు మా చీనీ తోట పూత మీద ఉండింది. అప్పటికి మా నాయనకు కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయి మూడు నెలలు దాటింది.

దసరా అయిన మరుసటి రోజు పొద్దున, పళ్ళు తోముకుంటా నీళ్ళ తొట్టి కాడ కూలబడినాడాయన. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో కొన్నాళ్ళు పెట్టి ఇంటికి తెచ్చుకున్నాము. ప్రాణం నిలిచింది గాని మాట పోయింది. అన్నీ పోగా ఒక్క మాట మాత్రం స్పష్టంగా మిగిలింది. "ఏమే." పెండ్లయినప్పటి నుంచి మాయమ్మను ఆయన పిలిచే పిలుపు అదే. అమ్మను పేరు పెట్టి ఇందిరా అని పిలవగా నేను ఒక్కసారీ వినలేదు. ఇప్పుడు నీళ్ళు కావాలన్నా ఏమే, ఫ్యాను వేయాలన్నా ఏమే, నన్ను పిలవాలన్నా, నా పెండ్లాం ప్రియదర్శినిని పిలవాలన్నా అదే మాట. మా నాయన శేషారెడ్డి అంటే చుట్టుపక్కల ఊర్లకు పంచాయతీ చెప్పిన మనిషి. ఆయన గొంతు లేస్తే తోటలో కూలోళ్ళు పారలు కింద పెట్టి నిలబడేవాళ్ళు. ఆ గొంతు అట్లనే ఉండింది. అందులో పెట్టడానికి మాటలే లేవు.

ఆయన కాలూ చెయ్యీ ఆడించడానికి ఫరహత్ అనే ఫిజియోథెరపీ అమ్మాయి స్కూటర్ మీద వచ్చేది. ప్రొద్దుటూరు పిల్ల. పులివెందులలో రూము తీసుకుని ఒక క్లినిక్కులో పనిచేస్తా ఉండింది. ముప్పై ఏండ్లు ఉంటాయేమో. తలకు గుడ్డ బిగించి కట్టుకుని, చేతులు కడుక్కుని, మా నాయన కాలు తన భుజం మీదికి ఎత్తుకునేది. ఆయనకు ఆ పిల్ల చెయ్యి తగలడమే కిట్టదు. ఎడమ చేత్తో కొట్టబోయేవాడు.

"కొట్టండి పెద్దాయనా, ఆ చేతికి గూడా పని పడాల గదా" అని నవ్వేది.

ఒకరోజు పని అయినాక, ఆయన వేలికి తగిలించే నాడి క్లిప్పును ఊరికే మాయమ్మ వేలికి తగిలించింది. తెర మీద అంకె చూసి, క్లిప్పు తీసి తుడిచి మళ్ళా పెట్టింది.

"అమ్మా, మీరు రోజూ ఏం చేస్తారు?"

"ఏం చేస్తా మే. తోటకు పోతా, వస్తా."

"మీ గుండె శానా నిదానంగా కొట్టుకుంటాంది. పరిగెత్తే వాళ్ళకుంటాది ఇట్ల. ఎప్పుడన్నా పరిగెత్తినారా?"

మాయమ్మ క్లిప్పు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఆమెకు అప్పటికి యాభై ఎనిమిది. "చిన్నప్పుడు, ఇస్కూల్లో" అంది.

ఫరహత్ రోజూ పొద్దన్నే పరిగెత్తుతుందంట. ఆదివారం ఊరికి పోతే ప్రొద్దుటూర్లో పరుగు గుంపు ఒకటి ఉందంట, డాక్టర్లు, టీచర్లు, బంగారంగడి వాళ్ళు. పెన్నా బ్రిడ్జి మీద, మైలవరం కట్ట మీద పరిగెత్తుతారంట. ఆ తర్వాత వచ్చినప్పుడు తన పాత బూట్లు ఒక జత తెచ్చింది. మాయమ్మ వాటిని ఒళ్ళో పెట్టుకుని, కాయ పక్వానికి వచ్చిందో లేదో చూసినట్టు అడుగులు వత్తి చూసింది. కాలికి సరిపోయినాయి.

మరుసటి రోజు తెల్లారేసరికి వసారాలో కుర్చీ ఈడ్చిన సద్దుకు నేను లేచినా. మా నాయనను కుర్చీలో కూచోబెట్టి, జారకుండా నడుముకు తువ్వాలు చుట్టి వెనక ముడి వేస్తాంది. కుర్చీ రోడ్డు వైపు తిప్పింది. భుజాల మీద దుప్పటి కప్పింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, బూట్లు వేసుకుని గేటు తీసింది.

"ఏమే" అన్నాడు నాయన.

ఆమె వెనక్కి చూడలేదు. మా ఇంటి ముందు నుంచి రోడ్డు గుట్ట దాకా చక్కగా పోతాది. మనిషి చిన్నదయ్యే దాకా కనపడతానే ఉంటాది. ఆయన చూస్తా కూచోక తప్పలేదు. పిలిచినాడు, పిలిచినాడు, గుట్ట మలుపులో ఆమె కనపడకుండా పోయినాక ఊరుకున్నాడు.

మొదట్లో తొందరగానే వచ్చేది. పోను పోను ఎండ వసారా మెట్లెక్కే దాకా వచ్చేది కాదు. ఆలోపల ఆయన పంచె తడిసిపోయేది. ప్రియ ఒకటి రెండుసార్లు పోయింది గాని ఆయన దగ్గరికి రానీలేదు. మాయమ్మ కూడా వద్దంది.

"నువ్వు ముట్టుకోవొద్దు ప్రియా. ఆయనకు నచ్చదు. నేనొచ్చి చేస్తాలే."

నేను ఒకరోజు అడిగేసినా. "అమ్మా, ఆయనను లోపల పండబెట్టి పోరాదా?"

"గాలి తగలాలని డాక్టరు చెప్పలేదా?"

"తడుపుకోని కూచోనుంటాడు మా."

"వచ్చి కడుగుతాండా గదా. ఎప్పుడన్నా కడగకుండా ఉన్నానా?"

ఉండలేదు. వేడినీళ్ళతో ఒళ్ళంతా తుడిచి, పౌడరు చల్లి, ఉతికిన పంచె కట్టి, సంగటి మెత్తగా పిసికి తినిపించేది. ఆయన ఒంటి మీద ఒక్క పుండు లేదు. ఇంత శుభ్రంగా ఉండే పేషెంటును తాను చూడలేదని ఫరహత్ చాలాసార్లు చెప్పింది. అందుకే మాయమ్మను ఎవరూ ఏమీ అనడానికి లేకపోయింది.

ఊరు మాత్రం అనకుండా ఉంటుందా? "ఏందప్పా ఓబులేసూ, మీయమ్మకు గాలి గానీ సోకిందా?" అని టీ అంగడి కాడ అడిగినారు. ఎవరో పిల్లోడు మోటర్ సైకిలు మీద ఆమె వెనకాలే హారను కొట్టుకుంటా పోయి, వీడియో తీసి ఊరి గ్రూపులో పెట్టినాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమెకు చూపిస్తే, చూసి, "నా ఎడమ కాలు రొంత లోపలికి పడతాంది. ఫరహత్‌కు చూపీల" అంది.

చీరతో అడుగు సాగదని ఫరహత్ ఆమెకు పొడుగు కుర్తా, ప్యాంటు కుట్టించి తెచ్చింది. అవి వేసుకుని వసారాలోకి వచ్చిన రోజు మా నాయన ఎడమ చేతికి అందేంత దూరంలో స్టీలు చెంబు ఉండింది. విసిరినాడు. కనుబొమ పైన తగిలి రక్తం కారింది. ప్రియ పరిగెత్తుకుని వచ్చింది. మాయమ్మ వంటింట్లోకి పోయి పసుపు అదిమి పెట్టుకుని, ప్రియ ఇచ్చిన గుడ్డ కట్టుకుని, ఆయన నడుముకు తువ్వాలు ముడి వేసి, గేటు తీసుకుని వెళ్ళింది. రోజూ పోయేంత దూరమూ పోయే వచ్చింది. ఆ మరుసటి రోజు నుంచి ఆయన పక్కన ప్లాస్టిక్ గ్లాసు పెట్టింది.

మార్చిలో మహిళా దినోత్సవానికి ప్రొద్దుటూర్లో పరుగు పెట్టినారు. నేనే కారులో తీసుకుపోయినా. పోకపోతే ఆమె బస్సెక్కి పోతాది, అది ఇంకా నగుబాటని పోయినా. కాలేజీ పిల్లలు మొదట ఎగిరెగిరి పోయి, సగం దూరంలో నడుం పట్టుకుని నిలబడినారు. మాయమ్మ మొదట ఎట్ల పోయిందో చివరా అట్లనే వచ్చింది. యాభై దాటిన వాళ్ళలో ఆమెదే మొదటి స్థానం. ఎవరో శాలువా కప్పినారు. లోకల్ పేపరు విలేకరి ఒకాయన ఫోను ఆమె నోటి దగ్గర పెట్టినాడు.

"ఈ వయసులో ఇంత దమ్ము ఎట్ల వచ్చిందమ్మా మీకు?"

"మా ఆయన నేర్పిచ్చినాడు" అంది మాయమ్మ.

మరుసటి రోజు జిల్లా పేజీలో ఫోటో పడింది. "భర్త ప్రోత్సాహమే నా బలం" అని పెద్ద అక్షరాలతో. మంచం పట్టిన భర్తకు సేవ చేస్తూనే పరుగులో రాణిస్తున్న పులివెందుల ప్రాంత మహిళ అని కింద రాసినారు. మాయమ్మ ఆ పేపరు తీసుకుని, నాయన ఎదురుగా స్టూలు వేసుకుని కూచుని, బడిపిల్ల పాఠం చదివినట్టు నిదానంగా చదివింది. ఆయన కండ్లు మూసుకున్నాడు. ఆమె ఆపి, ఆయన కండ్లు తెరిచే దాకా ఎదురుచూసి, మళ్ళా మొదటి నుంచి చదివింది. ప్రియ చేతిలో గిన్నె పట్టుకుని లోపలికి పోయింది.

నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

నాకు ఏడేండ్లున్నప్పుడు వేంపల్లెలో ఒక పెండ్లికి పోయి జీపులో వస్తా ఉన్నాము. పెండ్లింట్లో మాయమ్మ ఎవరితోనో నవ్వుతా మాట్లాడిందని నాయనకు కోపం. ఊరు ఇంకా చాలా దూరముండగానే జీపు ఆపి, "దిగు" అన్నాడు. దిగింది. "ఎనకాలే రా" అని జీపు కదిలించినాడు. నడిస్తే అందదు, పరిగెత్తితే అందుతాది, అంత నిదానంగా పోనిచ్చినాడు. పట్టుచీర మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని ఆమె జీపు వెనకాల పరిగెత్తింది. నేను వెనక సీట్లో మోకాళ్ళ మీద నిలబడి చూస్తానే ఉన్నా. ఊర్లోకి వచ్చేసరికి చేలల్లో నుంచి ఇండ్లకు పోయే జనమంతా రోడ్డు పక్కన నిలబడినారు. ఇంటి ముందు జీపు ఆపి, "అన్నం పెట్టు" అన్నాడు. ఆమె కాళ్ళు కడుక్కుని అన్నం పెట్టింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరమూ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ నెల చివర గండికోటలో పెద్ద పరుగు ఉంది. కోట నుంచి బయలుదేరి జమ్మలమడుగు రోడ్డు మీద పోయి మళ్ళా కోటకు రావాల. ముందు ఆదివారం ఫరహత్ వాళ్ళ గుంపు ఆ దారి చూడడానికి పోతే మేమూ పోయినాము. పరుగు అయినాక అందరూ లోయ అంచున బండల మీద ఎక్కి దిగి ఫోటోలు తీసుకుంటా ఉన్నారు. మాయమ్మ చేతులూ కాళ్ళూ ఆనించుకుంటా ఎర్రబండల సందులో కిందికి దిగి, ఒక బండ కొసన కూచుంది. కింద పెన్నలో నీళ్ళు పచ్చగా నిలిచి ఉన్నాయి. నేను భయపడుకుంటా దిగి పక్కన కూచున్నా. ఇంట్లో అడగలేనిది ఆడ అడిగినా.

"ఏంటికిమా ఇదంతా? నాయన మీద కక్షా?"

ఆమె నా వైపు తిరిగి, నేను నిజంగా అడుగుతాండానా అని చూసింది.

"కక్షయితే ఇంట్లోనే తీర్చుకుందును గదా నాయనా. ఇంతదూరం ఏంటికి రావాల?"

ఫరహత్ పైనుంచి పిలిచింది. మాయమ్మ నా కంటే ముందు ఎక్కిపోయింది.

పరుగు రోజు చీకటితోనే బయలుదేరినాము. ఆ రోజు నాయన పొద్దన్నే మేలుకుని ఉండినాడు. మాయమ్మ ఆయనకు మొహం కడిగి, పాలు తాగించి, మంచం మీదనే పండబెట్టి, "సందకాడికి వస్తా" అని చెప్పింది. ఆయన పిలవలేదు. అది నాకు కొత్తగా అనిపించింది.

నాకు ఇచ్చిన పని, సగం దూరం కాడ నీళ్ళ సీసాలు పట్టుకుని నిలబడడం. జమ్మలమడుగు వైపు రోడ్డు పక్కన బల్ల వేసినారు. ముందుగా మొగపిల్లలు వచ్చి తిరుక్కుని పోయినారు. ఎండ అప్పుడే చురుక్కుమంటా ఉంది. నా ఫోను మోగింది. ప్రియ.

"మామ లేయబోయి పడిపోయినాడు. మూతి పూర్తిగా ఒక పక్కకు పోయింది. కండ్లు తెరవడం లేదు. అంబులెన్సు వచ్చింది, ప్రొద్దుటూరుకే తీసకపోతాండాము. మీరు బిన్నా రాండి."

ఆ మాట విని ఫోను జేబులో పెట్టుకునేసరికి దూరంగా మాయమ్మ కనపడింది. ఆమె పక్కన ఒక నడివయసు ఆయన పరిగెత్తుతాండాడు, ఆమె అడుగుతో అడుగు కలపలేకపోతాండాడు. దగ్గరికొచ్చింది. నేను సీసా ఇచ్చినా. రెండు గుక్కలు తాగి మిగతాది నెత్తిన పోసుకుంది.

"నాయన పడిపోయినాడంట మా. మళ్ళా వచ్చిందంట. తెలివిలో లేడు. ప్రొద్దుటూరుకు తీసకపోతాండారు."

ఆమె నిలబడింది. కనుబొమ మీది మచ్చ నీళ్ళకు నల్లగా కనపడింది.

"ఎవురున్నారు పక్కన?"

"ప్రియ ఉంది."

"అంబులెన్సు వచ్చిందా?"

"వచ్చింది."

"సరే. నువ్వు పో" అంది. "నిదానంగా తోలు. ఎర్రగుంట్ల లారీలు శానా ఉంటాయి ఆ రోడ్డు మీద."

"నువ్వు?"

"నాకింగా సగం ఉంది."

ఖాళీ సీసా నా చేతిలో పెట్టి తిరుక్కుంది. బల్ల కాడ ఉన్న పిల్లోళ్ళు చప్పట్లు కొట్టినారు. వాళ్ళకేమి తెలుసు. ఆమె వెనకాల కొంచెం దూరం నడిచినా, అమ్మా అని పిలిచినా. కోట వైపు ఎండలో పోతానే ఉంది. అడుగు పెరగలేదు, తగ్గలేదు.

ఆసుపత్రిలో ప్రియ గోడకానుకుని నిలబడి ఉండింది. చేతి గాజు ఒకటి విరిగి మణికట్టు గీసుకుపోయింది. ఆయనను ఒక్కతే ఎత్తబోయి అట్లయింది. "మీరు పోయినప్పటి నుంచి గేటు వైపే చూస్తాండాడు" అని చెప్పింది. "నేను పాలిస్తే తాగలేదు. తానే లేసి పోదామనుకున్నాడేమో."

ఎర్రగుంట్ల నుంచి మా మేనత్త నిర్మలమ్మ అప్పటికే వచ్చేసింది. నాయనకు ఒక్కతే చెల్లెలు. "మీయమ్మ యాడ?" అని అడిగింది. చెప్పినా. చెప్పకుండా ఉండాల్సింది.

మధ్యాహ్నం మాయమ్మ ఫరహత్ వాళ్ళ కారులో వచ్చింది. పరుగు బట్టలతోనే ఉంది. మొహం మీద చెమట ఆరి ఉప్పు తెల్లగా చారలు కట్టింది. వరండాలో కూచున్న మా చుట్టాలు, వేరే పేషెంట్ల వాళ్ళు అందరూ ఆమె బూట్ల వైపు చూసినారు.

"రా వదినా" అంది నిర్మలత్త, అందరికీ వినపడేట్టు. "ఈడ మొగుడు సచ్చిపోతాంటే ఆడ పందెం పరిగెత్తినావంట. గెలిచినావా?"

"గెలవలేదు నిర్మలా" అంది మాయమ్మ. "చివరి దాకా పోయినా."

అద్దం తలుపు కాడికి పోయి నర్సును అడిగి లోపలికి పోయింది. నాయన నోట్లో గొట్టం ఉంది. పక్కకు కారే చొంగ తన కుర్తా అంచుతో తుడిచింది. మీసం ఒక పక్కకు అణిగిపోయి ఉంటే వేలితో సరిచేసింది. బయటకొచ్చి నా పక్కన కూచుంది. చాలాసేపటికి నేను అడిగినా. కోపంగానే అడిగినా.

"నేను చెప్పినప్పుడు నీకేమీ అనిపీలేదా మా?"

"అనిపీలే" అంది ఆమె. "అదే చూసుకుంటా పరిగెత్తినా. ఇప్పుడన్నా ఏమన్నా అనిపిస్తాదేమో, ఆ మలుపు తిరిగినాక అనిపిస్తాదేమో అని. కోట గోడ కనపడే దాకా చూసినా."

నేను లేచి అవతలి బెంచీకి పోయినా.

ఉగాదికి ముందు రోజు ఆయన పోయినాడు. తోట గట్టున కట్టెలు పేర్చినాము. ఊరంతా వచ్చింది. పులివెందుల నుంచి కార్లు వచ్చినాయి. శవాన్ని లేపే ముందు మాయమ్మను తెచ్చి కాళ్ళ కాడ కూచోబెట్టినారు. ఆమె ఏడుస్తాదని అందరూ ఎదురుచూసినారు. నేనూ ఎదురుచూసినా. ఆమె ఆయన పాదాల మీద దుప్పటి సర్దింది, అంతే. నిర్మలత్త పక్కనే కూచుని, కొంగు చాటున ఆమె చెయ్యి పట్టుకుని గోళ్ళు దించింది. "ఏడు వదినా, నలుగురూ చూస్తాండారు" అంటా ఇంకా లోపలికి దించింది. నేను ఎదురుగానే నిలబడి ఉన్నా. నాకు కనపడతానే ఉంది. కండ్లలో నీళ్ళు రాలేదు, చెయ్యి మీద రక్తం వచ్చింది. నేను తల తిప్పుకుని పాడె కట్టే వాళ్ళ వైపు పోయినా.

దినాలు జరిగినన్నాళ్ళూ ఆమెను నడి ఇంట్లో మూలన కూచోబెట్టినారు. గాజులు పగలగొట్టేటప్పుడు చేతులు ముందుకు చాపింది. నెల తిరిగే దాకా గడప దాటేది లేదని నిర్మలత్త చెప్పింది. పరుగు ఊసు ఎవరూ ఎత్తలేదు. అది నాయనతో పాటు కట్టెల మీద కాలిపోయిందన్నట్టు అందరూ మాట్లాడుకున్నారు.

ఫరహత్ పలకరించడానికి వచ్చింది. నిర్మలత్త ఆ పిల్లను వసారా దాటి రానీలేదు. "ఈ పిల్లే గదా ఆమెకు ప్యాంట్లు తొడిగిచ్చింది" అని నన్ను చూసింది. అందరూ నన్ను చూసినారు. ఆ ఇంటికి ఇప్పుడు పెద్దను నేనే గదా.

"ఇంగ మా ఇంట్లో నీకు పనేముంది?" అన్నా ఫరహత్‌తో. "చూడాల్సిన మనిషి పోయినాడు. రాగాకు."

ఫరహత్ తల ఊపింది. మా నాయన కాలు నెలల తరబడి భుజాన మోసిన పిల్ల. స్కూటర్ తిప్పుకుని పోయింది. కిటికీ వెనక మాయమ్మ ఉందని నాకు తెలుసు. తెలిసే అన్నా.

పెద్ద దినం అయిపోయిన సాయంత్రం నేనే గేటుకు తాళం వేసినా. నిర్మలత్త వేయమనలేదు, వేస్తే మాత్రం "మంచి పని చేసినావు అబ్బీ" అంది. తాళంచెవి నా దిండు కింద పెట్టుకున్నా.

తెల్లారుతుండగా ఆమె నా మంచం కాడికి వచ్చింది. బూట్ల సద్దు విన్నా.

"ఓబులేసూ, తాళంచెవి యాడ పెట్టినావు?"

నేను కండ్లు మూసుకునే ఉన్నా.

"నువ్వు మేలుకోనే ఉండావు. నాకు తెల్దా?"

కదలలేదు. కొంచెంసేపు ఆడనే నిలబడింది. పోయింది. హమ్మయ్య అనుకున్నా. తర్వాత కిటికీ కింద అడుగులు వినపడినాయి. పోయినాయి. మళ్ళా వచ్చినాయి. ఇంటి చుట్టూ పరిగెత్తుతాంది. పశువుల కొట్టం పక్కగా, ట్రాక్టరు ముందుగా, తొట్టి వెనకగా, మళ్ళా నా కిటికీ కిందికి.

చుట్టాలు ఒక్కొక్కరే లేచినారు. "ఏం సద్దు అది?" అంటా వసారాలోకి వచ్చి నిలబడినారు. నిర్మలత్త మెట్లు దిగి దారికి అడ్డంగా నిలబడింది. మాయమ్మ ఆమెను తప్పుకుని పక్కగా పోయింది. ఇంకో చుట్టూ తిరిగి వచ్చి మళ్ళా పక్కగానే పోయింది. "ఓబులేసూ" అని పిలిచింది నిర్మలత్త. "లేసి రారా. మీయమ్మను పట్టుకోని లోపలికి తీసకరా." నేను లేవలేదు. నిద్రపోతున్నట్టే పండుకున్నా. ఇంత మంది లేచినాక కూడా నిద్రపోతున్నానంటే ఎవరు నమ్ముతారు?

పక్కన ప్రియ లేచి కూచుంది. నా దిండు కిందికి చెయ్యి పెట్టింది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నా.

"చెయ్యి తియ్యి" అంది, మెల్లగా.

పెండ్లయిన పదేండ్లలో ప్రియ నన్ను నువ్వు అన్నది అప్పుడే. తీసినా.

ఆమె పోయి గేటు తాళం తీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచింది. మాయమ్మ ఆ చుట్టు పూర్తి చేసి, ఆగకుండానే, గేటులో నుంచి రోడ్డు మీదికి పోయింది. నేను అప్పుడు లేచి కిటికీ కాడికి వచ్చినా. రోజూ పోయే గుట్ట వైపు పోలేదు. పులివెందుల వైపు తిరిగింది.

మధ్యాహ్నం ఫరహత్ ఫోను చేసింది. "అమ్మ నా రూముకొచ్చింది. ప్రొద్దుటూర్లో మా ఇంటికి పంపిస్తాండా. ఎతకొద్దండి" అని పెట్టేసింది. నేను మళ్ళా చేస్తే ఎత్తలేదు.

ఎండాకాలం పోయినాక, తోటలో మొదటి కోత కోసినప్పుడు ఒక పెట్టె చీనీకాయలు కారులో వేసుకుని ప్రొద్దుటూరు పోయినా. ఫరహత్ వాళ్ళ నాయన కువైట్‌లో ఉంటాడు. ఇంట్లో వాళ్ళమ్మ సైదున్నీసా ఒక్కతే. మిద్దె మీద గది మాయమ్మది. తీగ మీద కుర్తాలు ఆరేసి ఉన్నాయి. మనిషి నల్లబడింది, బుగ్గలు లోపలికి పోయినాయి. నన్ను చూసి కుర్చీ వేసింది. బోరులో నీళ్ళు ఎట్ల ఉండాయి, తూర్పు వరస చెట్లకు తెగులు తగ్గిందా, ప్రియ చెయ్యి మానిందా, అన్నీ అడిగింది. నేను చెప్పినా. చెప్పడానికి ఇంకేమీ లేనప్పుడు అసలు సంగతికి వచ్చినా.

"ఇంటికి రామ్మా. నేనేమన్నా నాయన మాదిరి జేస్తానా నిన్ను? గేటుకు తాళమే వేయడం లేదు ఇప్పుడు."

మాయమ్మ మజ్జిగ కలుపుతాంది. ఉప్పు వేసి, గరిటెతో తిప్పి, గ్లాసులో పోసి, పొంగిన నురగ తగ్గే దాకా చూసింది.

"మీ నాయన ఏం చేసినా కండ్లు తెరుచుకోనే చేసినాడు" అంది.

గ్లాసు నా ముందు పెట్టి, ఎండ ఎక్కకముందే బయలుదేరమని చెప్పి, ఆరిన బట్టలు తీయడానికి బయటికి పోయింది.